తుంబురు కోన నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాల్గుణ పౌర్ణమి దగ్గర పడుతోందంటే తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు నాకు ఫోన్లు చేయడం మొదలుపెడతారు. దారి ఎలా ఉంటుంది, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా, నీళ్లు ఎంత లోతు అని అడుగుతారు. తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని. ఆ కోనలోకి చాలాసార్లు దిగి ఎక్కాను. ఏటా చెప్పే జవాబులే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

తుంబురు కోన ఎక్కడుంది? అక్కడ చూడాల్సింది ఏమిటి?

తిరుమల కొండ మీద, పాపవినాశనం డ్యామ్ దాటి అడవిలో చాలా దూరం నడిస్తే వచ్చే లోయ అది. కొండను నిలువునా చీల్చినట్టు రెండు రాతిగోడలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. వాటి మధ్య సన్నని ఇరుకు, ఆ ఇరుకులో ఏరు పారుతుంది. ఏట్లోనే బండల మీద, నీళ్లలో నడుచుకుంటూ లోపలికి పోతే చివర్లో జలపాతం. దాని కిందున్న గుండమే తుంబురు తీర్థం.

జలపాతం పెద్దదేమీ కాదు. ఎత్తైన జలపాతమే మీకు ముఖ్యమైతే తలకోన మేలు. అక్కడ నీళ్లు 270 అడుగుల ఎత్తు నుంచి పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో అంతకన్నా ఎత్తైనది లేదు. సిద్ధేశ్వరస్వామి గుడి దాకా బండిలో వెళ్లొచ్చు, అక్కడి నుంచి నడక కూడా తక్కువే. తుంబురు కోనకు పోయేది మాత్రం ఆ ఇరుకు కోసం. తల ఎత్తితే రెండు గోడల మధ్య ఆకాశం చీర అంచంత కనిపిస్తుంది. మధ్యాహ్నం కాసేపు ఎండ నేరుగా నీళ్లలో పడి, కింది గులకరాళ్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపిస్తాయి. తర్వాత మళ్లీ నీడ.

ఎప్పుడు వెళ్లాలి?

ఫాల్గుణ మాసంలో, ఉత్తరఫల్గుణీ నక్షత్రంతో కూడిన పౌర్ణమి నాడు తుంబురు తీర్థ ముక్కోటి జరుగుతుంది. సాధారణంగా అది మార్చిలో గానీ, ఏప్రిల్ మొదట్లో గానీ వస్తుంది. భక్తుల్ని లోపలికి వదిలేది ఆ సందర్భంలోనే. తిరుమల తిరుపతి దేవస్థానం ముందుగా ప్రకటన ఇస్తుంది. ఏ రోజు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు వదులుతారు, సొంత బండ్లు ఎక్కడ ఆపాలి, బస్సులు ఎక్కడి నుంచి ఉంటాయి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఇవి ఏటా కొంచెం మారుతుంటాయి కాబట్టి పోయినేడు ఎవరో చెప్పిన టైమ్ పట్టుకుని బయల్దేరకండి.

కొండ మీద ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పుష్యంలో రామకృష్ణ తీర్థ ముక్కోటి, మాఘంలో కుమారధార తీర్థ ముక్కోటి, రెండూ పౌర్ణమి నాడే. నడకలో కష్టం మాత్రం తుంబురు కోనదే ఎక్కువ. అడవిలో నడక అలవాటు లేనివాళ్లు ముందు ఒకసారి కుమారధారకు వెళ్లి చూసుకుంటే తమ కాళ్ల సంగతి తమకే తెలుస్తుంది.

మిగతా రోజుల్లో ఎవరినైనా పట్టుకుని వెళ్లొచ్చా?

వద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

వానాకాలం తర్వాత జలపాతం నిండుగా ఉంటుందని, కింద రైల్వే కోడూరు రోడ్డు వైపు నుంచి అడవిలోకి దూరి ఏరు పట్టుకుని పైకి రావచ్చని చెప్పేవాళ్లు ఉంటారు. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్టులో అడుగు పెట్టడమే నేరం. పైగా అది ఎర్రచందనం అడవి. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో శేషాచలం, వెలికొండ, నల్లమల లాంటి తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాని స్మగ్లింగ్ ఆపడానికి అటవీ శాఖ, టాస్క్‌ఫోర్స్ రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. బ్యాగు తగిలించుకుని దొంగదారిన కనిపించిన గుంపును వాళ్లు ఎలా చూస్తారో ఆలోచించండి.

ఇంకో కారణం ఏనుగులు. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, అన్నమయ్య జిల్లా గుండాలకోన దగ్గర రాత్రివేళ అడవిలో నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు దాడి చేసి ప్రాణాలు తీశాయి. ఇవే కొండలు, ఇదే అడవి. ముక్కోటి నాడైతే వేలమంది జనం, దారి పొడవునా సిబ్బంది, వైద్యం ఉంటాయి. మామూలు రోజున ఇరుకులో కాలు విరిగితే మీ కేక ఆ గోడలు దాటి పోదు.

దారి ఎలా ఉంటుంది? నిజంగా అంత కష్టమా?

దారిని మూడు ముక్కలుగా అనుకోండి.

మొదటిది పాపవినాశనం డ్యామ్ దగ్గర నుంచి అడవిలో కాలిబాట. ఎత్తుపల్లాలు ఉంటాయి గానీ నడవగలరు. జనం మాటలు, గోవింద నామాలు వింటూ దూరం తెలియకుండా సాగిపోతుంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఉత్సాహం కొద్దీ పరుగులాంటి నడక నడిచి, తర్వాతి భాగానికి కావాల్సిన సత్తువంతా ఇక్కడే ఖర్చు పెట్టేస్తారు.

రెండోది లోయలోకి దిగుడు. వదులు రాళ్లు, చెట్ల వేళ్లు, అరిగిన మట్టి. మోకాళ్ల మీద బరువంతా పడేది ఇక్కడే. దిగేటప్పుడు పక్కకు తిరిగి, ఒక్కో కాలు ఆనించి చూసుకుంటూ దిగండి. మీ కాలి కింద రాయి కదిలి దొర్లితే "రాయి! రాయి!" అని కింద ఉన్నవాళ్లకు వినపడేలా అరవండి. సిగ్గుపడకండి.

మూడోది ఏరు. ఇక్కడి నుంచి బాట అంటూ ఏమీ ఉండదు, ఏరే బాట. ఇంటి గది అంతటి గుండ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కొన్నిచోట్ల ఎక్కాలి, కొన్నిచోట్ల కింద సందులో దూరాలి, కొన్నిచోట్ల నీళ్లలో దిగాలి. ఎండిన బండ గరుగ్గా ఉంటుంది, కాలు నిలుస్తుంది. తడిసి నల్లబడిన బండను నమ్మకూడదు. పచ్చగా కనిపించే పాచిని అందరూ చూసి తప్పుకుంటారు. కాలు జార్చేది దాని పక్కనే నల్లగా, పలచగా, కంటికి ఆనకుండా అంటుకుని ఉన్న పాచి. మాతో వచ్చిన మా పిన్ని కూతురు సరిగ్గా అలాంటి బండ మీదే జారింది. చీలమండ బెణికి, పది నిమిషాల్లో పాదం ఉబ్బిపోయింది. పైకి తీసుకురావడానికి మాకు మామూలు కంటే రెట్టింపు సమయం పట్టింది. ముక్కూముఖం తెలియని భక్తులు భుజాలు మార్చుకుంటూ ఆమెను ఎక్కించారు. వాళ్లలో ఒక్కరి ఊరు కూడా అడగలేదే అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

బండ మీద చెయ్యి వేసేటప్పుడు కూడా చూసి వేయండి. ఎండకు కాలిన బండల సందుల్లో తేళ్లు, పాములు నీడకు చేరతాయి.

మొత్తం ఎంతసేపు పడుతుంది?

పోవడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి దాదాపు మూడు గంటలు, జనం ఎక్కువుంటే ఇంకా ఎక్కువ. ఇరుకు దగ్గర ఒకరి వెనక ఒకరు ఆగాల్సి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు దిగుడంతా ఎక్కుడు అవుతుంది. అప్పటికి ఒళ్లు అలిసిపోయి, ఎండ ముదిరి ఉంటుంది. కాబట్టి రాకకు పోకకన్నా ఎక్కువ టైమ్ పెట్టుకోండి. తెల్లవారుజామునే గేటు దగ్గర ఉండాలి.

మేం ఇంటి దగ్గరే ఒక గంట నిర్ణయించుకుని బయల్దేరతాం. ఆ గంటకు ఎక్కడున్నా సరే, తీర్థం ఇంకో రెండు మలుపుల్లోనే ఉన్నా సరే, వెనక్కి తిరుగుతాం. ఒకసారి జలపాతం చప్పుడు వినిపిస్తుండగా తిరిగి రావాల్సి వచ్చింది. ఏడుపు వచ్చింది. అయినా ఆ రోజు పైకి చేరేసరికి సాయంత్రం నీడలు పడ్డాయి. ఇంకో గంట ఆగి ఉంటే పసిపిల్లతో చీకట్లో ఆ ఎక్కుడు ఎక్కాల్సి వచ్చేది.

ఈత రాకపోతే?

ముక్కోటి నాటికి నీళ్లు తగ్గి ఉంటాయి. చాలాచోట్ల మోకాలి లోతు, నడుము లోతు, కొన్ని గుండాల్లో ఛాతీ దాకా. ఈత రాకుండానే చాలామంది వెళ్లొస్తారు. కానీ గుండం అడుగు చదునుగా ఉండదు, ఒక అడుగు నడుము లోతులో ఉంటే తర్వాతి అడుగు అందకపోవచ్చు. సిబ్బంది చూపించిన చోటనే, కట్టిన తాడు పట్టుకునే దాటండి. పై నుంచి గుండంలోకి దూకొద్దు. పోయిన వానలకు కొత్తగా ఏ రాయి దొర్లి వచ్చి నీళ్ల కింద కూర్చుందో ఎవరికీ తెలియదు. నీళ్లు చాలా చల్లగా కూడా ఉంటాయి. చెమటతో వచ్చి ఒక్కసారిగా మునిగితే ఊపిరి బిగుసుకుంటుంది. ముందు కాళ్లు, చేతులు, ముఖం తడుపుకుని అప్పుడు దిగండి.

వాన పడితే ఏం చేయాలి?

వాన సూచన ఉంటే మానుకోండి. టికెట్లు బుక్ చేసుకున్నాం, ఇంత దూరం వచ్చాం అనుకోవద్దు.

ఇరుకులో నడుస్తుంటే ఒక్కసారి ఆగి గోడల వైపు చూడండి. తలకు చాలా పైన, రాతి పగుళ్లలో ఎండిన వెదురు ముక్కలు, ఆకుల ఉండలు, చెట్ల మొదళ్లు ఇరుక్కుని ఉంటాయి. వాటిని అక్కడ పెట్టింది వరద. అంటే ఏదో ఒక వానకు, మీరిప్పుడు మోకాలి లోతులో నిలబడిన ఈ ఏరు అంత ఎత్తున పారిందన్నమాట. మొదటిసారి మా నాన్న చెయ్యెత్తి చూపించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఈ కొండల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరులో కురిసిన వానలకు కొండ మీది నీళ్లు తిరుపతి వీధుల్లోకి దూకాయి. అలిపిరి మెట్ల మీదుగా నీళ్లు జలపాతంలా దిగాయి. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, బాగుచేసి తెరిచేసరికి 2022 మే వచ్చింది. అవే రోజుల్లో ఈ కొండలకు అవతల చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి.

వేసవిలో కూడా సాయంత్రాలు ఉరుము వానలు వస్తాయి. మీ నెత్తిన వాన పడకపోయినా ఎగువన పడితే చాలు. తేటగా ఉన్న నీళ్లు మట్టిరంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకురావడం, చప్పుడు మారడం, ఈ మూడింట్లో ఏది గమనించినా సామాన్లు, చెప్పులు వెతుక్కోకుండా దగ్గర్లో ఉన్న ఎత్తు ఎక్కేయండి. ఇరుకు మధ్యలో ఉంటే ఎక్కడానికి గోడలు తప్ప ఏమీ ఉండవు, అందుకే అక్కడ ఎక్కువసేపు కూర్చోవద్దంటాను.

ఏం వేసుకోవాలి? ఏం పట్టుకెళ్లాలి?

గ్రిప్ ఉన్న, తడిసినా ఫర్వాలేదనుకునే పాత షూ. కొత్తవి వేసుకుంటే బొబ్బలు లేస్తాయి. హవాయి చెప్పులు పాచి మీద జారతాయి, నీళ్లలో కొట్టుకుపోతాయి. మొక్కుకున్నామని వట్టి కాళ్లతో వచ్చేవాళ్లను చూశాను, వాళ్ల భక్తికి దండం. మీకు అలవాటు లేకపోతే మాత్రం ఆ పని చేయకండి.

ఆడవాళ్లకు ఒంటికి పట్టిన చుడీదార్, ట్రాక్ ప్యాంట్ లాంటివి సుఖం. చీర తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. చీరే కట్టుకోవాలంటే గోచీ పోసి కట్టిన పెద్దవాళ్లు చకచకా నడిచిపోవడం చూశాను, ఆ పద్ధతి తెలిస్తే మంచిదే. బట్టలు మార్చుకోవడానికి కోనలో గదులు ఉండవు. త్వరగా ఆరిపోయే బట్ట వేసుకుని, ఆ తడితోనే నడవడానికి సిద్ధపడి రండి.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, స్టీలు బాటిల్‌లో. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు అనుమతి లేదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు, కాసిన్ని బెల్లంముక్కలు, వేరుశెనగలు. దేవస్థానం వాళ్లు ముక్కోటి నాడు అన్నప్రసాదం, మజ్జిగ, నీళ్లు పెడతారు. అయినా మీ మూటలో మీ పులిహోర ఉండాలి. క్రేప్ బ్యాండేజీ ఒకటి తప్పకుండా పెట్టుకోండి, మా పిన్ని కూతురికి జరిగినప్పుడు మా దగ్గర లేదు, చున్నీ చింపి కట్టాం. టార్చి, విజిల్, చేతికర్ర. రెండు చేతులూ ఖాళీగా ఉండేలా వీపు సంచి వాడండి. చేతిసంచులు పట్టుకుని బండలు ఎక్కలేరు.

పొయ్యి, వంట సామాను, కర్పూరం, అగ్గిపెట్టె వద్దు. ఫాల్గుణానికి బోద గడ్డి పూర్తిగా ఎండి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

పిల్లలు, పెద్దవాళ్లు రావచ్చా?

గుండెజబ్బు, ఆస్తమా, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, బాగా లావుగా ఉన్నవాళ్లు రావద్దని దేవస్థానమే చెబుతుంది. ఆ మాట వినండి. పదేళ్లలోపు పిల్లల్ని నేనైతే తీసుకెళ్లను. మా పాపను చిన్నప్పుడు తీసుకెళ్లింది తప్పేనని ఇప్పుడు అనుకుంటున్నాను. అరవై దాటినవాళ్లు కొందరు నాకన్నా బాగా నడుస్తారు. రోజూ నడక అలవాటుంటే వయసు పెద్ద అడ్డం కాదు. "అమ్మకు ఎన్నాళ్ల నుంచో కోరిక" అంటూ మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకురావద్దు. ఆమెను పాపవినాశనంలో స్నానం చేయించండి.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా?

లోయలో ఉండదు. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. గుంపులో అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని ముందు పెట్టండి, వెనక పెడితే తప్పిపోతారు.

ఎండాకాలం మొదలయ్యాక కూడా నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? కొండ ఎందుకలా చీలింది?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. తిరుమల కొండ పై భాగమంతా క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గట్టిపడి రాయైనది. వయసు 150 కోట్ల ఏళ్లకు పైగా. ఏట్లో దొర్లి ఉన్న కొన్ని బండల్ని పక్క నుంచి చూడండి. పలకలు పలకలుగా పొరలు కనిపిస్తాయి, కొన్నింటి మీద నీటి అలలు గడ్డకట్టినట్టు వరస గీతలు ఉంటాయి. వేలు పెట్టి తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఒకప్పటి నీళ్ల అడుగున ఇసుక మీద అలలు గీసిన గీతలే అవి, అలాగే రాయైపోయాయి.

ఈ రాయి చాలా గట్టిది, అరగదు. కానీ నిలువుగా పగులుతుంది. ఆ పగుళ్ల వెంట నీళ్లు కోసుకుంటూ పోతే ఏటవాలు లోయ కాకుండా ఇలాంటి నిలువు గోడలు మిగులుతాయి. వాన నీళ్లు అవే పగుళ్లలో ఇంకి, కింద పలకరాయి పొర అడ్డం వచ్చినచోట ఊటగా బయటికి వస్తాయి. గోడల్లోంచి చుక్కలు చుక్కలుగా కారే నీళ్లు నిరుటి వానలవి కావచ్చు. పై అడవి పచ్చగా ఉన్నంతకాలమే ఆ ఊట.

అక్కడ ఏ జీవాలు కనిపిస్తాయి?

జనం గోలకు పెద్ద జంతువులు దూరంగా పోతాయి. చిరుతలున్న అడవే. 2023లో అలిపిరి నడకదారిలో పిల్లల మీద దాడులు జరిగాక భక్తుల చేతికి కర్రలు ఇచ్చిన సంగతి తెలిసిందే. గుంపు విడిచి ఒంటరిగా చెట్లలోకి వెళ్లొద్దు.

ఈ రాళ్ల ప్రత్యేక నివాసి బంగారు బల్లి. 1870లో బెడ్డోమ్ అనే ఆయన దీన్ని శాస్త్రానికి పరిచయం చేశారు. రాత్రి తిరిగే జీవి కాబట్టి పగలు కనిపించడం అరుదు. కానీ తేమగా ఉన్న బండల కింది వైపు, వాన తగలని చోట తెల్లని చిన్న గుడ్లు రాతికి అతుక్కుని గుంపులుగా ఉంటాయి. చాలా బల్లులు ఒకేచోట పెడతాయి. బండ కింద దూరేటప్పుడు తల పైకెత్తి చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి.

తుంబురుడు ఎవరు? ఇక్కడ వెంగమాంబ గవి ఉందంటారు, నిజమేనా?

తుంబురుడు గంధర్వుడు, వీణ పట్టిన గాయకుడు. పురాణంలో ఈ తీర్థం పేరు ఘోణ తీర్థం. మాఘస్నానానికి రానన్న భార్యను గంధర్వుడు కప్పవు కమ్మని శపించాడని, చెట్టు తొర్రలో ఉన్న ఆమె అగస్త్యుడు తన శిష్యులకు ఈ తీర్థం గొప్ప చెబుతుంటే విని శాపం తీరిందని కథ. ముక్కోటి నాడు సకల తీర్థాలూ ఇక్కడ చేరతాయని నమ్మకం.

తరిగొండ వెంగమాంబ 1730లో పుట్టి 1817 దాకా జీవించిన కవయిత్రి. బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని, ఊరివాళ్ల మాటలు పడి, తిరుమల చేరింది. ఈ కోనలో గవిలో కొన్నేళ్లు తపస్సు చేసిందని చెబుతారు, ఆ గవిని చూపిస్తారు కూడా. తిరుమలలో మనం అన్నం తినే అన్నప్రసాద కేంద్రానికి ఉన్నది ఆమె పేరే. తాళ్లు, సిబ్బంది, మజ్జిగ ఇన్ని ఉన్నా మనకు ఒక్క పూట ఇంత కష్టమైన చోట ఆమె ఒంటరిగా ఎలా ఉందో, ఏం తిందో అని అక్కడ నిలబడిన ప్రతిసారీ అనుకుంటాను.

తీర్థంలో సబ్బు, షాంపూ వాడొచ్చా? విడిచిన బట్టలు వదిలేయాలా?

రెండూ వద్దు. ఆ నీళ్లే కింద జంతువులు తాగాలి. తడి బట్టలు, అరటి తొక్కలు, బిస్కెట్ కవర్లు అన్నీ మీ సంచిలోనే తిరిగి రావాలి. మేం వచ్చేటప్పుడు ఒక గోనెసంచి పట్టుకుని దారిలో దొరికినవి ఏరుకుంటూ వస్తాం. మీలో ఇద్దరు చేసినా చాలా తేడా వస్తుంది.

అదే రోజు మెట్ల దారిన తిరుపతికి దిగొచ్చా?

దిగొద్దు, బస్సెక్కండి. అలిపిరి దారి 3,550 మెట్లు. కోన ఎక్కొచ్చిన మోకాళ్లు అప్పటికే వణుకుతుంటాయి. రాత్రికి వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని, కొబ్బరినూనె రాసుకుని పడుకోండి. మర్నాడు లేచేసరికి తొడలు రాయిలా బిగుసుకుపోయి ఉంటాయి, మూడో రోజుకు సర్దుకుంటాయి.